పడగ విప్పింది… నీరుకట్టెనా, తాచా?

కాలువగట్టు_శీను: మాది అవనిగడ్డ దగ్గర పల్లె. నిన్న సాయంత్రం చేనుకు నీళ్లు పెడదామని బోదె తూము దగ్గరికి వెళ్తే, తుంగలోంచి ఒకటి తలెత్తి మెడ వెడల్పు చేసింది. పార అక్కడే పడేసి పరుగు. మా బాబాయి "నీరుకట్టెరా, దానికా ఇంత హడావుడి" అని ఒకటే నవ్వు. పడగ విప్పిందంటే తాచు కాదా?

పొలంమనిషి: బెదిరితే నీరుకట్టె కూడా మెడ చదును చేసి తాచులా భయపెడుతుంది. ఒంటి మీద గళ్లు, కంటి కింద రెండు నల్ల గీతలు ఉంటే నీరుకట్టే. విషం లేదు గానీ కోపం ఎక్కువ. చిన్నప్పుడు వలలో చిక్కినదాన్ని విడిపించబోతే నా వేలు పట్టుకుని ఓ పట్టాన వదల్లేదు. అనుమానం ఉంటే మాత్రం తాచే అనుకో తమ్ముడూ.

కోడూరు_పద్మ: నాట్ల రోజుల్లో మా భయమంతా రక్తపింజర గురించే. గట్టు మీద గడ్డి కోస్తుంటే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వినిపిస్తుంది. మా ముఠాలో ఒకామెకు చీలమండ దగ్గర కాటేసింది. మంత్రం వేయించాలని గంటన్నర తిప్పారు. బతికింది గానీ, కిడ్నీలు దెబ్బతిని కొన్నాళ్లు డయాలసిస్ చేయించుకుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్: తాడు బిగించకండి, బ్లేడుతో కోయకండి. కాలు కదపకుండా 108లో తీసుకురండి. మేం గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. గడ్డకట్టకపోతే పింజర విషమని అనుమానిస్తాం. కట్లపాము కాటుకు నొప్పి దాదాపు ఉండదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషికి తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం మొదలైతే ఆలస్యం చేయొద్దు. పామును చంపి తేనక్కర్లేదు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ విరుగుడు ఇంజెక్షన్ ఒకటే. ఒకాయన సంచిలో 'చచ్చిన' పామును తెచ్చాడు. టేబుల్ మీద పెట్టగానే సంచి కదిలింది. వార్డంతా ఖాళీ!

బందరు_బుజ్జి: మోపిదేవిలో పుట్టకు పాలు పోసి వస్తాం, ఇంటికొచ్చాక జెర్రిపోతు కనిపిస్తే కర్ర తీస్తాం. అది తినే ఎలుకలు మిగిలితే వాటి కోసం పింజరే వస్తుంది కదా.

కోడూరు_పద్మ: బుజ్జి గారూ, గడ్డి కోసేది మేము, కర్ర వద్దనేది మీరు. బూట్లు కొనిపెట్టే రైతు ఒక్కడు కనిపిస్తే చెప్పండి.

పొలంమనిషి: ఆ మాట నాకూ తగిలింది. మా కూలీలకు ఇంతవరకు కొనలేదు. నాకు మాత్రం ఉన్నాయి.

కాలువగట్టు_శీను: గళ్లున్నాయో గీతలున్నాయో చూసేంతసేపు నేనక్కడ ఉంటే కదా! పార ఇంకా తూము దగ్గరే ఉంది. పొద్దున టార్చి, కర్ర పట్టుకుని వెళ్తా. బాబాయిని ముందు నడవమంటే, మోకాలి నొప్పంటున్నాడు.