ఆదివాసీ పిల్లల కథలు: ఎవరు వేసిన పుస్తకాలు కొనాలి?

రమ్య, వైట్‌ఫీల్డ్
మా అపార్ట్‌మెంట్ తెలుగు లైబ్రరీలో పన్నెండు నుంచి పదహారేళ్ల పిల్లలకి కొత్త షెల్ఫ్ పెడుతున్నాం. ఆదివాసీ పిల్లలు ఎదిగే వయసు కథలైతే ఆదివాసీలే నడిపే ప్రచురణ సంస్థలవి మాత్రమే కొనాలని ఒకరు పట్టుబట్టారు, అదేం రూలని ఇంకొకరు. నిన్న మీటింగ్‌లో టీలు చల్లారాయి గానీ విషయం తేలలేదు. మీరేమంటారు?

శ్రీనివాస్, మారతహళ్ళి
నాకైతే అతిగా ఉంది. పుస్తకానికి కూడా కుల ధ్రువపత్రం అడుగుతామా? మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, కథ నచ్చితే చదువుతుంది, ఓనరెవరో వెనకట్ట తిప్పి చూడదు. చెన్నైలో తారా బుక్స్ ఆదివాసీల సంస్థ కాదు, అయినా గోండు చిత్రకారుడు భజ్జు శ్యామ్ లండన్‌లో చూసిందంతా బొమ్మలేసిన పుస్తకం 2004లోనే తెచ్చింది. అంతెందుకు, 1940లలో ఆదిలాబాద్ వైపు మార్లవాయి అనే గోండు ఊళ్లో గోండీ వాచకాలు తయారు చేయించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా నుంచి వచ్చినాయన. బయటివాడని వద్దంటామా?

ఉట్నూరోడు, ఎలక్ట్రానిక్ సిటీ
శ్రీనివాస్ గారూ, లండన్ పుస్తకం కొనండి, నా దగ్గరా ఉంది. గొడవ అక్కడ కాదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని చెప్పే కుర్చీలో ఎవరున్నారన్నది. నేను గోండుని. మూడేళ్ల కిందట ఒక సంస్థకి కథ పంపా. పదమూడేళ్ల పిల్ల తెల్లవారుజామున తల్లితో ఇప్పపువ్వు ఏరడానికి పోతుంది, రాలిన పువ్వు బాగా కనబడాలని చెట్టు కింద ఆకులు ముందే ఊడ్చి కాల్చి పెడతారు, ఆ ఏడాది మొదటిసారి తన బుట్ట తనే నింపుకుంటుంది, అంతే కథ. ఎడిటర్ ఫోన్ చేసి "ఇప్పపువ్వంటే సారా కదండీ, పిల్లల పుస్తకంలో ఎందుకు, మల్లెపువ్వు చేద్దాం" అన్నారు. మల్లెపువ్వులు ఏరడానికి చీకటితో లేచి అడవికి ఎవరు పోతారండీ? మాకది ఎండబెట్టుకుని తినే తిండి, ఇప్పుడు ఆదిలాబాద్‌లో లడ్డూలు చేసి అమ్ముతున్నారు కూడా. ఆ కుర్చీలో మా వదిన లాంటి మనిషుంటే ఆ ఫోనే వచ్చేది కాదు. కోల్‌కతాలో సంతాల్ మహిళ రూబీ హెంబ్రోమ్ 2012లో ఆదివాణి అనే ప్రచురణ సంస్థ పెట్టారు. ఆస్ట్రేలియాలో బ్రూమ్ అనే ఊళ్లో అక్కడి ఆదివాసీల ప్రచురణ సంస్థ మాగబాలా 1987 నుంచి నడుస్తోంది. అక్కడ ఆ కుర్చీ వాళ్లదే.

శ్రీనివాస్, మారతహళ్ళి
మల్లెపువ్వుకి నవ్వొచ్చింది, సారీ. కానీ మీవాళ్లయినంత మాత్రాన మంచి ఎడిటరని గ్యారంటీ ఏముంది?

సుజాత టీచర్, కె.ఆర్.పురం
గ్యారంటీ ఎవరికీ లేదు బాబూ. నా బెంగ వేరు. ఆదివాణి పుస్తకాలు ఇంగ్లీషు, సంతాలీ, హిందీ. గోండీలో చూద్దామంటే, ఆ భాష రాసే గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లోకి (కంప్యూటర్లలో అక్షరాలకి ఉండే ప్రమాణం) వచ్చిందే 2018లో. మరి తెలుగు షెల్ఫ్ దేనితో నింపుతారు? "మాత్రమే" అని రూల్ పెడితే షెల్ఫ్ ఖాళీ, ఖాళీ షెల్ఫ్ చూసి కమిటీ వాళ్లు ఆ డబ్బుతో ఎంట్రన్స్ గైడ్లు కొంటారు. నా సర్వీసంతా చూసిందదే.

ఉట్నూరోడు, ఎలక్ట్రానిక్ సిటీ
"మాత్రమే" నాకూ వద్దు టీచరమ్మా. ముందు వాళ్లవి కొని, మిగిలిన డబ్బుకి మిగతావి కొనమనండి. ఇంగ్లీషైతే ఏం, వైట్‌ఫీల్డ్ పిల్లలు తెలుగు కంటే అదే చకచకా చదువుతారు (రమ్య గారు తిట్టుకోకండి).

రమ్య, వైట్‌ఫీల్డ్
తిట్టుకోను, నిజమే. ఇంతకీ మీ కథ ఎక్కడుంది?

ఉట్నూరోడు, ఎలక్ట్రానిక్ సిటీ
లాప్‌టాప్‌లో. మల్లెపువ్వుకి ఒప్పుకోలేదు.