స్వరకల్పనా, బాణీయా, వరస కట్టడమా?

ఒకరు రాసిన పాటకి ఇంకొకరు సంగీతం సమకూరిస్తే ఆ రెండో మనిషి చేసిన పనిని తెలుగులో ఏమనాలి? పోయిన నెల మా ఊళ్లో ఒక కచేరీకి వెళ్లొచ్చినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. 'నానాటి బదుకు' పాడే ముందు వ్యాఖ్యానం చేస్తున్నాయన "రచన అన్నమాచార్య, స్వరకల్పన నెడునూరి కృష్ణమూర్తి" అన్నారు. పాటయ్యాక, మూడేళ్లుగా సంగీతం నేర్చుకుంటున్న మా అన్నయ్య కూతురు "బాబాయ్, స్వరకల్పన అన్నారుగా, స్వరాలు వెయ్యలేదేం?" అని అడిగింది.

దాని తప్పేం లేదు. దాని క్లాసులో స్వరకల్పన అంటే అప్పటికప్పుడు అల్లి పాడే సరిగమలు. మనమేమో ట్యూన్ కట్టడానికీ అదే మాట వాడేస్తున్నాం. పోనీ 'బాణీ' అందామా అంటే అక్కడా ఇదే తంటా. నెడునూరి గారు కర్ణాటక సంగీత గురువు శ్రీపాద పినాకపాణి గారి శిష్యులు, కాబట్టి 'ఆయనది పినాకపాణి బాణీ' అంటే పాడే తీరు, 'ఈ పాటకి బాణీ ఆయనది' అంటే ట్యూను.

'వాగ్గేయకారుడు' గొప్ప మాటే కానీ ఇక్కడ అతకదు. 13వ శతాబ్దపు 'సంగీత రత్నాకరం'లో శార్ఙ్గదేవుడు మాటని మాతువు, సంగీతాన్ని ధాతువు అన్నాడు, రెండూ చేసినవాడే వాగ్గేయకారుడు. మన కాలంలో దానికి నిండుగా సరిపోయేది మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారే. సాహిత్యం ఆయనదే, సంగీతం ఆయనదే, పాటలో సంతకంలా ఉండే 'మురళి' ముద్రా ఆయనదే, ఆఖరికి రాగాలు కూడా సొంతంగా కల్పించారు. నాలుగే స్వరాల లవంగి రాగంలో 'ఓంకారాకారిణి' విన్నప్పుడల్లా ఇంత తక్కువలో ఇంత ఎలా పట్టించారా అనిపిస్తుంది నాకు. అదే గ్రంథంలో, వేరొకరి ధాతువుకి మాటలు కూర్చేవాడికి 'కుట్టికారుడు' అని పేరుంది, అంటే ఇప్పుడు ట్యూనుకి పాట రాసేవాళ్లన్నమాట. నెడునూరి గారు చేసింది దానికి తలకిందులు, మాటలు ముందున్నాయి, సంగీతం తర్వాత వచ్చింది.

అది చిన్న పని కాదు. అన్నమయ్య రాగిరేకుల మీద కీర్తనకి రాగం పేరుంటుంది గానీ ఎలా పాడాలో స్వరం ఉండదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివాళ్లు కూర్చుని ఒక్కొక్కదానికీ ప్రాణం పోయబట్టే ఇవాళ మన నోళ్లలో ఆడుతున్నాయి. 'నానాటి బదుకు'ని నెడునూరి గారు రేవతిలో పెట్టారు, గాంధారం, ధైవతం లేని రాగం, వేదం చదువుతున్నట్టుంటుంది. దాన్ని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడితే మా అమ్మ వంటింట్లో గరిటె పక్కన పెట్టేసి నిలబడి వినేది. గొంతుల్లో నాకు బాలమురళి గారి తర్వాతే ఎవరైనా, కానీ రాత్రిపూట ఒక్కణ్నే కూర్చుని వినాలంటే చెయ్యి ఈ పాట మీదికే పోతుంది. అందుకే నెడునూరి గారి పేరు ముందు సరైన మాట ఉండాలని నా తాపత్రయం.

'స్వరకర్త' చాలదా అని ఒకరు అడిగారు. చాలుతుందండీ, తప్పు లేదు, కాకపోతే అది ఆ మనిషికి పేరు, చేసిన పనికి కాదు. 'స్వరపరిచారు' అంటే కొందరికి నొటేషన్ రాసినట్టు తోస్తుంది. నా ఓటు 'వరస కట్టారు'కి. భజన పాటల పుస్తకాల్లో పాట పైన 'ఫలానా పాట వరస' అని అచ్చేసి ఉంటుంది చూడండి, అదీ ఈ మాటే. సంగీతం పాఠం మొదలయ్యేదే సరళీ వరసలు, జంట వరసలతో కాబట్టి పిల్లలకీ కొత్త కాదు. పైగా చుట్టరికానికీ వరస అనే అంటాం. ఈ పదానికి ఈ స్వరం ఏమవుతుందో చూసి కలపడమే కదా ఆయన చేసింది!

నాటు మాటలా ఉంది, కచేరీ వేదిక మీద బాగోదు అన్నారు ఇంకొకరు. నాకు అలా అనిపించదు. "రచన అన్నమయ్య, వరస నెడునూరి" అని ఒకసారి పైకి అని చూడండి. మీ వైపు భజన బృందాల్లో, హరికథల్లో దీనికి వేరే మాట ఏదైనా వాడుకలో ఉంటే ఏ జిల్లాలో విన్నారో కూడా కలిపి రాయండి.