రాకాసి గుళ్ళా, రాకాసి గూళ్ళా?

మా బావ మేడారం వెళ్ళొస్తూ తాడ్వాయి దగ్గర దామరవాయిలో ఆగి ఫొటోలు తీసుకొచ్చాడు. అడవిలో పలకల్లాంటి బండలు నిలబెట్టి, పైన మంచం కంటే పెద్ద మూతబండ ఒకటి. ఇనుప యుగం సమాధులు, రెండున్నర మూడు వేల ఏళ్ళ నాటివి. "రాకాసి గుళ్ళంటార్రా" అన్నాడు. రాసేవాళ్ళు కొందరు గుళ్ళు అని, కొందరు గూళ్ళు అని రాస్తున్నారు.

నాకు గుడి అన్నమాట మింగుడు పడలేదు. దేవుడు లేడు, గంట లేదు. మా పాతింటి వీధరుగు మీద గోడలో దీపం గూడు ఉండేది, మూడు పక్కలా మూసి, పైన పలక, లోపలంతా కిరసనాయిలు మసి. ఫొటోలో ఉన్నది అచ్చం అదే, కాకపోతే రాకాసి సైజు.

గుడికి గుళ్ళు, గూడుకి గూళ్ళు, మధ్యలో ఒక్క దీర్ఘం. గబగబా మాట్లాడితే అదీ వినపడదు కాబట్టి బహువచనం పట్టుకుని ఎంత కొట్టుకున్నా తేలదు. ఒక్కదాని గురించి అడగాలి. గుడైతే "గుళ్ళో" అంటారు, గూడైతే "గూట్లో" అంటారు. ఏరు ఏటికి, నోరు నోటికి, కాడు కాటికి వెళ్ళినట్టే గూడు గూటికి వెళ్తుంది, ఆ ట ఎంత తొందరలోనూ జారిపోదు. అక్కడివాళ్ళు ఏమన్నారని బావని అడిగితే, ఆకలి మీదున్నాను వినలేదన్నాడు. ఏం చేస్తాం.

— (చదివినవారొకరు) బాగుందండి గానీ, మామిడికుదురు పక్కన ఆదుర్రులో ఉన్న బౌద్ధ స్తూపాన్ని మావైపు దుబరాజు గుడి అనే అంటారు. అక్కడ మాత్రం పూజలున్నాయా? పాతదీ పెద్దదీ ఏది కనపడినా జనానికి గుడే.

ఆయ్, ఈ దెబ్బ తగిలింది. కానీ ఆదుర్రుది ఇటుకల కట్టడం, ఎవరో కట్టారని చూడగానే తెలుస్తుంది, గుడి అనుకోవడంలో తప్పులేదు. మన డెల్టా అంతా ఒండ్రుమట్టి, మూతబండ వెయ్యడానికి రాయేది? అందుకే మనకి పాతవన్నీ దిబ్బలు. బండలున్న చోట జనం కంటికి కనపడిందే పేరు పెడతారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కిన, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలబెట్టిన పాతకాలపు బండలు అక్కడివాళ్ళకి నిలువురాళ్ళే, అంతకంటే సూటి పేరుంటుందా?

— (ఇంకొకరు) మాష్టారూ, ఎముకల గూడు అంటాం కదా, ఆ గూడేమో? ఇలాంటి సమాధుల్లో ఎముకలే కదా దొరికేది.

ఎముకలతో పాటు నలుపూ ఎరుపూ కుండలు, ఇనుప పనిముట్లు కూడా దొరుకుతాయి. చాలాచోట్ల శవాన్ని నేరుగా పెట్టకుండా తర్వాత ఎముకలు ఏరి పెట్టేవారు, కాబట్టి మీ ఊహ అందంగానే ఉంది. కానీ మేకలు తోలుకెళ్ళేవాడికి కనపడేది బయట బండలు, లోపలి ఎముకలు కాదు. ఇది నేను ఒప్పుకోనండి.

వచ్చే జాతరకి బావ మళ్ళీ వెళ్తాడు. ఈసారి ముందు తినేసి వెళ్ళమన్నాను. గుడి అనీ గూడు అనీ తన నోటితో అనకుండా, ఒకదాన్ని చూపించి "వాన వస్తే ఎక్కడ దూరతారండీ" అని మాత్రం అడగమని చీటీ మీద రాసిచ్చాను.