గ్రీన్ గొప్పా, కార్న్‌వాలిస్ గొప్పా? అమెరికా స్వాతంత్ర్య యుద్ధం, దక్షిణ రంగం

ప్రశ్న: గ్రూప్స్ అభ్యర్థి

కార్న్‌వాలిస్ అనగానే మనకు గుర్తొచ్చేది 1793 శాశ్వత శిస్తు విధానం, దానికి ముందు ఏడాది శ్రీరంగపట్నంలో టిప్పు కొడుకులిద్దర్ని బందీలుగా తీసుకెళ్లడం. అంతటివాడు 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు లొంగిపోయాడని చదివి, వీళ్లిద్దర్నీ పోల్చి ఒక వ్యాసం రాద్దామనుకున్నాను. మా స్నేహితుడు మాత్రం కార్న్‌వాలిస్‌కు అసలు ప్రత్యర్థి అమెరికా సేనాని నథానియల్ గ్రీన్ అంటున్నాడు. తీరా చూస్తే గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్, హాబ్‌కర్క్స్ హిల్, నైంటీ సిక్స్, యుటా స్ప్రింగ్స్ నాలుగు చోట్లా గ్రీన్ గెలవనే లేదు. గెలుపే లేని సేనానిని కార్న్‌వాలిస్ పక్కన ఎలా నిలబెడతారు? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: పాత సుబేదార్

మీ స్నేహితుడు సరిగ్గానే చెప్పాడు బాబూ. మీ జాబితాలోనూ తప్పు లేదు. నేను సైన్యంలో 24 ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం రేషన్, రవాణా పనిలోనే గడిచింది. అందుకే ఏ సేనాని కథ చదివినా ముందు ఆయన బండ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటాను.

కార్న్‌వాలిస్ ఈటన్‌లో చదివాడు, టూరిన్‌లో సైనిక విద్య నేర్చుకున్నాడు, ఏడేళ్ల యుద్ధంలో జర్మనీలో పోరాడాడు. గ్రీన్ రోడ్ ఐలండ్‌లో ఇనుప కొలిమి నడిపే క్వేకర్ కుటుంబంవాడు. క్వేకర్లనే ఆ క్రైస్తవ శాఖవాళ్లకు యుద్ధమే నిషిద్ధం. పైగా ఆయనకు కాలు కుంటి, ఉబ్బసం. యుద్ధవిద్యంతా పుస్తకాలు కొనుక్కుని చదివి నేర్చుకున్నదే. 1778 మార్చి నుంచి రెండేళ్లకు పైగా వాషింగ్టన్ దగ్గర క్వార్టర్‌మాస్టర్ జనరల్‌గా ఉన్నాడు. బండ్లు, గుర్రాలు, గుడారాలు, దారులు అన్నీ ఆయన నెత్తి మీదే. చరిత్రలో క్వార్టర్‌మాస్టర్ పేరు ఎవరైనా విన్నారా అని బాధపడ్డాడాయన. ఆ మాట చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

1780 డిసెంబరులో షార్లట్‌లో దక్షిణ సైన్యాన్ని చేతికి తీసుకునేటప్పటికి కాగితం మీద 2 వేల పైచిలుకు మంది ఉన్నారు. వాళ్లలో సరైన బట్టలు, ఆయుధాలు ఉన్నవాళ్లు 800కు మించరు. ఆగస్టులోనే కామ్‌డెన్ దగ్గర ఆ సైన్యాన్ని కార్న్‌వాలిస్ చితక్కొట్టి ఉన్నాడు. అప్పుడు గ్రీన్ మొదట చేసిన పనుల్లో ఒకటి నదులు కొలిపించడం. డాన్, యాడ్కిన్, కటావ్బా నదుల మీదికి మనుషుల్ని పంపాడు. ఎక్కడ లోతు, ఎక్కడ రేవు, ఎన్ని పడవలు దొరుకుతాయో అన్నీ రాయించుకున్నాడు.

ఆ తర్వాత, ఉన్నదే చిన్న సైన్యమైతే దాన్ని రెండు ముక్కలు చేశాడు. పుస్తకం ప్రకారం అది పెద్ద తప్పు. ఒకేచోట ఉంచితే తిండి పెట్టలేడు కాబట్టి చేశాడు. పడమరకు వెళ్లిన డేనియల్ మోర్గన్ 1781 జనవరి 17న కౌపెన్స్ దగ్గర బ్రిటిష్ అధికారి టార్ల్‌టన్ దళాన్ని తుడిచిపెట్టాడు. కార్న్‌వాలిస్‌కు ఒళ్లు మండిపోయింది. ఎలాగైనా పట్టుకోవాలని, నడక వేగం పెంచడానికి రామ్‌సోర్స్ మిల్ దగ్గర సామాను బండ్లు తగలబెట్టించాడు. గుడారాలు, పిండి, ఆఖరికి సిపాయిల రమ్ము పీపాలు కూడా పోయాయి. మొదట తన సొంత సామానే మంటల్లో వేయించాడు. మనిషిగా ఆయన్ని గౌరవించాల్సిన చోటది. కానీ రవాణా పని చేసినవాడిగా చెబుతున్నాను, ఆయన యుద్ధం పోగొట్టుకున్నదీ అక్కడే. జనవరి చివర, చలి, ఎడతెగని వాన. దుకాణం లేని దేశంలో వందల మైళ్ల దూరం పోవాలి. ఆ స్థితిలో గోదామును తనే కాల్చుకున్నాడు.

ఇక నదుల పరుగు మొదలైంది. ఫిబ్రవరి 1న కార్న్‌వాలిస్ కటావ్బా దాటాడు. యాడ్కిన్ దగ్గరికి వచ్చేసరికి ఏరు పొంగి ఉంది, పడవలన్నీ అవతలి ఒడ్డున ఉన్నాయి. ఇక మిగిలింది డాన్. దిగువ రేవుల్లో సైన్యానికి సరిపడా పడవలుండవని, గ్రీన్ ఎగువకే పోతాడని కార్న్‌వాలిస్ లెక్క. ఆ లెక్కను నమ్మించడానికి గ్రీన్ కింది అధికారి ఓథో విలియమ్స్ 700 మందితో ఎగువ రేవుల వైపు నడిచాడు. ఇంగ్లీషు సైన్యం ఆయన వెంటపడింది. గ్రీన్ ఇర్విన్, బాయిడ్ రేవుల్లో ముందే కూడబెట్టించిన పడవల్లో ఫిబ్రవరి 14న వర్జీనియా ఒడ్డుకు చేరాడు. కార్న్‌వాలిస్ ఇవతలి గట్టున నిలబడి చూడాల్సి వచ్చింది. ఒక్క పెద్ద యుద్ధమైనా చేయకుండా ఆయన సైన్యం చెప్పులరిగి, కడుపు మాడి నీరసించిపోయింది. మీ జాబితాలో ఈ వరుస లేదు, ఎందుకంటే ఇది పోరాటమే కాదు.

మార్చి 15న గిల్‌ఫర్డ్‌లో కార్న్‌వాలిస్ 1,900 మందితో అంతకు రెట్టింపుకు పైగా ఉన్న గ్రీన్ సేనను వెనక్కి నెట్టాడు. ఆ ఉదయం తిండి కూడా లేకుండా 12 మైళ్లు నడిచొచ్చి పోరాడిన సిపాయిలు వాళ్లు. 93 మంది చనిపోయారు, 400 మందికి పైగా గాయపడ్డారు. గాయపడ్డవాళ్లను ఎక్కించడానికి సరిపడా బండ్లేవీ? చాలామటుకు రామ్‌సోర్స్ మిల్ దగ్గర బూడిదయ్యాయి కదా. ఇలాంటి గెలుపు ఇంకొకటి వస్తే బ్రిటిష్ సైన్యమే ఉండదని వాళ్ల పార్లమెంటులోనే చార్లెస్ ఫాక్స్ అన్నాడు.

జవాబు: గ్రీన్స్‌బొరో కోడలు

సుబేదార్ గారూ, చాలా బాగా చెప్పారు. ఒక్క విషయంలో మాత్రం మీరు గ్రీన్‌ను తేలిగ్గా వదిలేశారనిపించింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నేనుండేది ఆయన పేరు మీద వెలసిన ఊళ్లోనే. ఆ యుద్ధభూమి ఇప్పుడు పార్కు. పొద్దున్నే చాలాసార్లు అందులో నడుస్తాను. గ్రీన్ తన సైన్యాన్ని మూడు వరుసలుగా నిలబెట్టాడు. ముందు నార్త్ కరొలైనా మిలీషియా, అంటే స్థానిక పౌర దళం, అడవిలో వర్జీనియా మిలీషియా, చివర కాంటినెంటల్ సిపాయిలు, అంటే శిక్షణ ఉన్న అసలు సైన్యం. కౌపెన్స్‌లో మోర్గన్ పెట్టిన పద్ధతే ఇది. కాకపోతే అక్కడ నేల బయలు, వరుసలు దగ్గర దగ్గర. ఇక్కడ మూడో వరుస దగ్గర నిలబడితే చెట్లు తప్ప ఏమీ కనపడదు. ముందు వరుస చెదిరిపోతే వెనకవాళ్లు చేయి అందించే వీలే లేదు. మొదటిసారి అక్కడ నడిచినప్పుడు నాకు కోపమొచ్చింది. అంత పెద్ద సైన్యం చేతిలో ఉండి ఒకరికొకరు అందని దూరంలో ఎందుకు నిలబెట్టాడని.

ఇంకో మాట. స్వాతంత్ర్యం గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇదీ చెప్పాలి. నల్లజాతి బానిసలకు ఆయుధాలిచ్చి, బదులుగా విముక్తి ఇవ్వమని గ్రీన్ సౌత్ కరొలైనా పాలకులకు సలహా ఇచ్చాడు, వాళ్లు ఒప్పుకోలేదు. అదే గ్రీన్ యుద్ధం తర్వాత బానిసలతో తోటలు సాగు చేయించాడు. స్వేచ్ఛ దొరుకుతుందని నమ్మి కార్న్‌వాలిస్ వెంట వచ్చిన నల్లవాళ్లనేమో, యార్క్‌టౌన్‌లో తిండి తగ్గి మశూచి పాకిన రోజుల్లో ఆయన శిబిరం నుంచి బయటికి గెంటించాడు. ఇద్దర్నీ పోల్చే వ్యాసంలో ఇది కూడా రాయండి తమ్ముడూ.

జవాబు: నిజాం కాలం పాఠకుడు

కార్న్‌వాలిస్ తరఫున కొంచెం మాట్లాడతాను. లండన్‌లో కూర్చున్నవాళ్లు దక్షిణాది జనం రాజు వైపు వేలల్లో వస్తారని చెప్పి పంపారు. 1780 అక్టోబరులో కింగ్స్ మౌంటెన్ దగ్గర రాజు పక్షాన పోరాడిన ఫెర్గుసన్ దళం నాశనమయ్యాక ఆ ఆశ చచ్చిపోయింది. పైగా అమెరికా వైపు గెరిల్లా నాయకులు మారియన్, సమ్టర్, పికెన్స్‌ల దళాలు రోజూ దారులు కొడుతుండేవి. యార్క్‌టౌన్‌లో ఆయన గొంతు బిగించింది సముద్రం. సెప్టెంబరు 5న అమెరికాకు తోడొచ్చిన ఫ్రెంచ్ సేనాని ద గ్రాస్ నౌకాదళం చెసాపీక్ ముఖద్వారం మూయకపోతే ఓడల్లో వెళ్లిపోయేవాడు. దాంట్లో గ్రీన్ చేతి పనేమీ లేదు.

సుబేదార్ గారికి నచ్చే సంగతి ఒకటుంది. 1791 మేలో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వచ్చి, ఎద్దులు చచ్చి, గింజలు అయిపోయి, కోట బద్దలు కొట్టే పెద్ద ఫిరంగుల్ని తనే పాడుచేసి బెంగళూరుకు తిరిగి పోయాడు. కరొలైనా మళ్లీ జరిగినట్టే. కానీ 1792లో వచ్చేటప్పుడు బంజారాల ఎద్దుల బిడారుల మీద ధాన్యం సమకూర్చుకుని వచ్చాడు. ఈసారి పని పూర్తయింది. ఆయన నేర్చుకోని మనిషి కాదు.

జవాబు: పాత సుబేదార్

అమ్మా, మూడు వరుసల దూరం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. ఆ నేల చూడనివాణ్ణి, పటం మీద నాకది తోచలేదు. బంజారాల సంగతి మాత్రం నాకు కొత్త కాదు, కానీ దాన్ని రామ్‌సోర్స్ మిల్ పక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. సంతోషం సార్.

అయినా ఒకటి. గిల్‌ఫర్డ్ తర్వాత కార్న్‌వాలిస్ విల్మింగ్టన్ రేవుకు, అక్కడి నుంచి ఏప్రిల్ చివర్లో వర్జీనియాకు వెళ్లిపోయాడు. గ్రీన్ ఆయన వెంటపడకుండా దక్షిణానికి తిరిగాడు. పోరాడుతున్నాం, దెబ్బ తింటున్నాం, లేస్తున్నాం, మళ్లీ పోరాడుతున్నాం అని ఉత్తరంలో రాశాడు. ఒక్కో పోరాటం ఓడుతూనే, ఏడాది చివరికి ఇంగ్లీషువాళ్లకు ఆ వైపు చార్ల్‌స్టన్, సవానా తప్ప మరేమీ మిగలకుండా చేశాడు. యార్క్‌టౌన్ సముద్రానిది కావచ్చు. ఇది మాత్రం పూర్తిగా ఆయనదే.

ప్రశ్న అడిగినవారు: గ్రూప్స్ అభ్యర్థి

అందరికీ ధన్యవాదాలు. వాషింగ్టన్‌ను పక్కన పెట్టి వీళ్లిద్దరి మీదే రాస్తాను. గిల్‌ఫర్డ్ తర్వాత వీళ్లు మళ్లీ ఎదురుపడ్డారా?

జవాబు: పాత సుబేదార్

లేదు బాబూ. తన సిపాయిలకు బట్టలు తెచ్చిన కాంట్రాక్టరుకు గ్రీన్ హామీ ఉన్నాడు. వాడు దివాలా తీస్తే ఆ అప్పు ఈయన మీద పడింది. అది తీర్చడానికే మిగిలిన రోజులన్నీ సరిపోయాయి. 1786 జూన్ 19న సవానా దగ్గరి తోటలో వడదెబ్బతో పోయాడు, 43 ఏళ్లకే. అదే ఏడాది సెప్టెంబరులో కార్న్‌వాలిస్ గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో ఓడ దిగాడు.