సమాచార వ్యవస్థలో మనుషులు, పద్ధతులు కూడా భాగాలేనా?

తొలిమెట్టు (ప్రశ్న):

మాకు ఈ సెమిస్టర్‌లోనే ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ మొదలైంది. మొదటి పాఠంలోనే చిక్కుకున్నాను. సమాచార వ్యవస్థకు అయిదు భాగాలట: హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, డేటా, పద్ధతులు, మనుషులు. మొదటి మూడింటితో నాకు పేచీ లేదు. చివరి రెండే మింగుడు పడడం లేదు. మనుషులు వ్యవస్థను వాడుకునేవాళ్లు కదా, అందులో భాగం ఎలా అవుతారు? కారు విడిభాగాల జాబితాలో డ్రైవరు పేరు ఎవరూ రాయరు. పద్ధతులంటే కంపెనీవాళ్లు ఇచ్చే సూచనల పుస్తకమేనా?

ఇంకో సందేహం. డేటాను ప్రాసెస్ చేస్తే సమాచారం అవుతుందని అందరూ ఒకే మాట చెబుతారు. ప్రాసెస్ అంటే కూడికలు, తీసివేతలేనా? ఏ లెక్కా చేయకుండా ఒక అంకెను చూసి నిర్ణయం తీసుకుంటే, ఆ అంకె డేటానా, సమాచారమా? పరీక్షలో రాయడానికి నిర్వచనం నా దగ్గర ఉంది. అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

అడ్డువరుస:

క్లుప్తంగా రెండు మాటలు. ఇన్‌పుట్, ప్రాసెసింగ్, అవుట్‌పుట్, ఫీడ్‌బ్యాక్ అని ఒక పటం ఉంటుంది చూడండి, అది వ్యవస్థ చేసే పనిని చెబుతుంది. అయిదు భాగాల పటం ఆ పనికి ఏమేం కావాలో చెబుతుంది. ఈ రెండింటినీ కలిపేసి రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. కొన్ని పుస్తకాలు నెట్‌వర్క్‌ను ఆరో భాగంగా లెక్కిస్తాయి, కొన్ని హార్డ్‌వేర్‌లోనే కలిపేస్తాయి. దాని మీద తగాదా అనవసరం. ప్రాసెసింగ్ అంటే లెక్కలే కానక్కర్లేదు. వరుసలో పెట్టడం, పోల్చడం, వడపోయడం, సరైన మనిషికి సరైన వేళకు చేర్చడం, అన్నీ అందులోకే వస్తాయి.

నమూనాగది:

నేను వైద్య పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. రక్తం, యంత్రాలు, కంప్యూటర్ తెర, ఇదే నా లోకం. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మొదటిది సగం తేలినట్టే.

తెర మీద 6.9 అని ఉందనుకోండి. అంతే, ఇంకేమీ లేదు. అది డేటా. దాని పక్కన ‘మొత్తం ప్రొటీన్, డెసిలీటరుకు గ్రాములు’ అని ఉంటే ఫలితం మామూలే, ఎవరూ కంగారు పడరు. ‘హెచ్‌బీఏ1సీ, శాతం’ (గత రెండు మూడు నెలల రక్తంలో చక్కెర సగటును చెప్పే పరీక్ష) అని ఉంటే 6.5 దాటింది కాబట్టి మధుమేహం ఉందేమోనని డాక్టరు ఆలోచిస్తారు. ‘పొటాషియం, లీటరుకు మిల్లీమోల్స్’ అని ఉంటే నేను కుర్చీలోంచి లేచి ఫోను అందుకుంటాను. పెద్దవాళ్లలో అది సుమారు 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. 6.9 అంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. చూశారా, ఎక్కడా కూడిక లేదు, తీసివేత లేదు. పరీక్ష పేరు, కొలమానం, సాధారణ పరిధి, రోగి వయసు, నమూనా తీసిన వేళ వచ్చి పక్కన చేరాయి, అంతే. ఒకరు నిర్ణయం తీసుకోవడానికి పనికొచ్చింది కాబట్టి అది సమాచారం అయింది.

ఇప్పుడు మనుషులు, పద్ధతులు. ఆ 6.9 పొటాషియందే అనుకుందాం. ఎనలైజర్, అంటే నమూనాను కొలిచే యంత్రం, సరిగానే కొలిచింది. బార్‌కోడ్ సరిగానే చదివింది. సాఫ్ట్‌వేర్ ఆ అంకెను సరైన రోగి పేరు కిందే వేసింది. డేటాబేస్‌లో తప్పేమీ లేదు. అయినా ఆ రోగి ఒంట్లో పొటాషియం నిక్షేపంగా ఉండవచ్చు.

ఎలాగంటే, రక్తకణాల లోపల పొటాషియం చాలా ఎక్కువ, బయట సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, తక్కువ. సూదితో గట్టిగా లాగినా, ట్యూబును అదేపనిగా కుదిపినా కణాలు పగిలి లోపలిది బయటికి వస్తుంది. సీరం ఎర్రబారుతుంది, అంకె పెరుగుతుంది. ఇంకో దారి కూడా ఉంది. రక్తకణాల లెక్కకు వాడే ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది, అది సాధారణంగా పొటాషియం లవణం రూపంలోనే ఉంటుంది. సీరం ట్యూబులో రక్తం చాలలేదని ఎవరైనా ఊదా ట్యూబులోంచి కాస్త వంపారంటే పొటాషియం ఆకాశానికి ఎక్కుతుంది. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి కాల్షియం పాతాళానికి దిగుతుంది. రెండు అంకెలనూ ఒకేసారి అలా చూసిన అనుభవజ్ఞులకు రోగి మీద కాదు, ట్యూబు మీద అనుమానం వస్తుంది.

అందుకే రక్తం ఏ ట్యూబులోకి ముందు తీయాలి, ఏది తర్వాత అన్నదానికి ఒక వరుస ఉంది. ఒక ట్యూబులోది ఇంకోదాంట్లో వంపకూడదని నియమం ఉంది. రోగిని పేరుతోపాటు ఇంకో గుర్తుతో కూడా సరిచూసి, మంచం దగ్గరే చీటీ అంటించాలని ఉంది. ప్రమాదకరమైన ఫలితాన్ని ఫోనులో చెప్పినప్పుడు అవతలివారు దాన్ని తిరిగి చదివి వినిపించాలి, ఎవరు విన్నారో, ఎన్ని గంటలకో రాసుకోవాలి. ఇవన్నీ యంత్రం కంపెనీవాళ్లు ఇచ్చే సూచనల పుస్తకం ఒక్కదానిలో దొరకవు. పద్ధతులంటే ఇవి. ఇవి లేని చోట ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పుడు అంకెలను చకచకా ముద్రించి ఇస్తుంది.

మీ కారు పోలిక సంగతి. కారు డ్రైవరు లేకపోయినా కారే. సమాచార వ్యవస్థ చేయాల్సిన పని ఒక మనిషికి నిజం తెలియజేయడం. నమూనా తీసేవారూ, ఫలితాన్ని సరిచూసేవారూ, ఫోనులో వినేవారూ లేకుండా ఆ పని పూర్తి కాదు. వాళ్లను జాబితాలోంచి తీసేస్తే మిగిలేది కంప్యూటర్ వ్యవస్థ, అంతే.

సెమికోలన్:

ప్రోగ్రాములు రాసేవాడిగా ఒక అభ్యంతరం. మీరు చెప్పినవన్నీ సాఫ్ట్‌వేర్‌కు నేర్పదగినవే. పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉంటే ఫలితాన్ని ఆపమని ఒక్క షరతు రాస్తే సరిపోతుంది. సీరం ఎర్రదనాన్ని యంత్రమే కొలవగలదు. నా దృష్టిలో మనిషి మీద ఆధారపడే ప్రతి పనీ ఇంకా ఎవరూ రాయని ప్రోగ్రాము. మనుషులను శాశ్వత భాగంగా చెప్పడం పాత పుస్తకాల అలవాటు.

నమూనాగది:

సెమికోలన్ గారూ, నేర్పాం, బాగానే పనిచేస్తోంది. మా ఎనలైజర్ ఎర్రదనాన్ని కొలుస్తుంది. అదే రోగి పాత ఫలితంతో కొత్తదాన్ని పోల్చి, తేడా మరీ ఎక్కువైతే సాఫ్ట్‌వేర్ ఆపేస్తుంది. ఆపిన తర్వాత ఏమవుతుంది? ఆ ఫలితం తెర మీద ఒక జాబితాలో కూర్చుంటుంది. ఆ జాబితాను ఎవరు, ఎంతసేపటికోసారి చూడాలి? కొత్త నమూనా పంపమని ఎవరికి చెప్పాలి? రాత్రి షిఫ్టులో ఒక్కరే ఉంటే? మీరు ఒక షరతు రాశారు, దానితోపాటు నాకు కొత్త పద్ధతి ఒకటి పుట్టింది. హద్దు మరీ బిగించి పెడితే మంచి ఫలితాలూ ఆగిపోతాయి. అప్పుడు జనం చదవకుండానే ‘సరే’ నొక్కడం మొదలుపెడతారు. ఏ షరతయినా అక్కడే చస్తుంది.

నా మాట పక్కన పెట్టండి. 1992లో లండన్ అంబులెన్స్ సర్వీసుకు జరిగింది చూడండి. అంతకు ముందు అక్కడ అంతా కాగితమే. ఫోను ఎత్తినవారు అచ్చు ఫారం మీద వివరాలు రాసేవారు, మ్యాపు పుస్తకంలో చోటు వెతికి గుర్తించేవారు, ఫారాన్ని కన్వేయర్ బెల్టు మీద వేసేవారు. అవతలి చివర ఒకరు ఫారాలు తీసుకుని ఏది ఏ ప్రాంతానిదో తేల్చేవారు. ఒకే ప్రమాదం గురించి రెండు మూడు ఫోన్లు వస్తే పట్టుకునేదీ ఆ మనిషే. నెమ్మదిగా నడిచేది, లోపాలూ ఉండేవి. కానీ నడిచేది.

దాని స్థానంలో కంప్యూటర్‌తో అంబులెన్సులను పంపే ఏర్పాటు 1992 అక్టోబరు 26న పూర్తిస్థాయిలో మొదలైంది. ఏ బండి ఎక్కడుంది, ఖాళీగా ఉందా లేదా అన్న డేటా దాదాపు లోపం లేకుండా వస్తేనే అది పనిచేస్తుంది. సిబ్బంది హడావిడిలో మీటలు నొక్కేవారు కాదు, లేదా వరుస తప్పి నొక్కేవారు. కొన్నిచోట్ల రేడియో సంకేతాలు అందలేదు. బండి ఎక్కడుందో తెలియక వ్యవస్థ తప్పు బండిని, లేదా రెండు బండ్లను పంపింది. అంబులెన్స్ రాలేదని జనం మళ్లీ మళ్లీ ఫోను చేశారు, అవి కొత్త కేసులుగా నమోదయ్యాయి. హెచ్చరికలు తెర మీద పేరుకుపోయి, చదివేలోపే పైకి జరిగి కనుమరుగయ్యాయి. మర్నాడు మధ్యాహ్నానికి సగం పని మళ్లీ చేతుల మీదికి వచ్చింది. నవంబరు 4 తెల్లవారుజామున ఆ వ్యవస్థ మొత్తానికే నిలిచిపోయింది. ఆ రెండోది మాత్రం అచ్చంగా ప్రోగ్రాము తప్పు. వాడుకున్న మెమరీని వదలని చిన్న కోడు ముక్క ఒకటి అందులో ఉండిపోయి, కొన్ని వారాల్లో మెమరీ మొత్తం తినేసింది. ఆదుకోవాల్సిన రెండో సర్వరు ఏర్పాటును సరిగా పరీక్షించలేదు.

1993లో వచ్చిన విచారణ నివేదికలో నాకు ఎప్పుడూ గుర్తుండే విషయం ఒకటుంది. అక్టోబరు 26, 27 తేదీల్లో కంప్యూటర్ సాంకేతికంగా విఫలం కాలేదని, తనను ఎలా రూపొందించారో మొత్తం మీద అలాగే పనిచేసిందని అందులో తేల్చారు. అంబులెన్సులు వేళకు చేరని రోజున కంప్యూటర్ బాగానే ఉందన్నమాట! ఇక ‘వ్యవస్థ పనిచేసిందా’ అని అడిగితే మీరేమంటారు?

సెమికోలన్:

వ్యవస్థ పనిచేయలేదనే అంటాను. కోడు పనిచేసింది. నా అభ్యంతరాన్ని కొంచెం తగ్గిస్తాను: మనుషుల భాగం చిన్నదవుతూ వస్తుంది, పోదు. రూపకల్పనకు ముందు ఆ కన్వేయర్ బెల్టు చివర ఉన్న మనిషి పక్కన ఒక వారం కూర్చుని ఉంటే డూప్లికేట్ కాల్స్ సంగతి బయటపడేది.

తొలిమెట్టు:

అందరికీ ధన్యవాదాలు. కంప్యూటర్ లేకపోయినా ఆ కాగితం, బెల్టు ఏర్పాటు కూడా సమాచార వ్యవస్థే అన్నమాట. ఇంకొక్కటి అడగనా? తర్వాతి పాఠంలో టీపీఎస్ (ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ సిస్టమ్), ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్), డీఎస్ఎస్ (డెసిషన్ సపోర్ట్ సిస్టమ్) అని రకాలున్నాయి. ఇవి వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లా?

నమూనాగది:

వేర్వేరుగా ఉండవచ్చు, కానీ చాలాసార్లు ఒకే డేటాను వేర్వేరు మనుషులు వేర్వేరు అవసరాలకు చూడడమే. ఒక్కో నమూనా రావడం, ఫలితం నమోదు కావడం, బిల్లు పడడం లావాదేవీల పని, అది టీపీఎస్. నెలాఖరున మా అధికారి ‘కణాలు పగిలి తిరస్కరించిన నమూనాలు ఏ వార్డునుంచి ఎన్ని’ అని పట్టిక తీస్తారు, అది ఎంఐఎస్. నమూనాల రద్దీ ఇలా పెరిగితే రాత్రి షిఫ్టుకు ఇంకొకరిని వేయాలా, రెండో యంత్రం కొనాలా అని అంకెలు మార్చి మార్చి చూసుకుంటే డీఎస్ఎస్. అన్నిటికీ అడుగున ఉన్నది మొదట నమోదైన ఆ ఒక్కో ఫలితమే. అక్కడ చీటీ తప్పుగా అంటిస్తే పై పట్టికలన్నీ ఆ తప్పును అందంగా మోసుకొస్తాయి.

మీ పటంలోని ఫీడ్‌బ్యాక్ బాణం కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆ పట్టికలో ఒక వార్డు అంకె ఎక్కువగా కనిపిస్తే అక్కడ రక్తం తీసేవారికి మళ్లీ శిక్షణ ఇస్తారు, వచ్చే నెల పట్టికలో ఆ అంకె తగ్గిందో లేదో చూస్తారు. ఆ పైన, సంస్థ పెద్దల కోసం ఎగ్జిక్యూటివ్ వ్యవస్థలని ఇంకో రకం కూడా మీ పుస్తకంలో ఉంటుంది. వాటి సంగతి పుస్తకాన్నే అడగండి, నేను పై అంతస్తు తెరలు చూసే ఉద్యోగిని కాను.