రాస్ముస్సెన్ ఎన్‌సెఫలైటిస్: చెయ్యి మెలి తిరగడం మూర్ఛేనా, వేరే సమస్యా?

మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్ల క్రితం ఎడమ బొటనవేలు అదరడంతో మొదలైంది. ఇప్పుడు ఆ చెయ్యి, నోటి ఎడమ మూల గంటల తరబడి కొట్టుకుంటూనే ఉంటాయి, నిద్రలో కూడా. ఎంఆర్ఐలో మెదడు కుడి సగం కుంచించుకుపోతోందని, ఇది రాస్ముస్సెన్ ఎన్‌సెఫలైటిస్ (మెదడులో ఒక సగం వాచి క్రమంగా దెబ్బతినే అరుదైన జబ్బు) అని తేల్చారు. 1958లో మాంట్రియల్ వైద్యులు వర్ణించిన జబ్బట. మా బంధువులు మాత్రం ఇంకా గాలి సోకిందనే అంటున్నారు.

మూడు రకాల మూర్ఛ మందులు, స్టెరాయిడ్లు, ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) అన్నీ అయ్యాయి. రెండు నెలలుగా కొత్త బాధ. గ్లాసు అందుకోబోతే మణికట్టు లోపలికి మెలి తిరిగి, వేళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. ఇది అదురు కాదు, తడిబట్ట పిండినట్టు నెమ్మదిగా జరుగుతుంది. నిద్రపోతే ఉండదు. బడిలో ఎవరూ చూడకుండా ఆ చేతిమీద కూర్చుంటోంది పిచ్చితల్లి.

చెయ్యి మెలి తిరిగే సమయంలో తీసిన ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) ఏమీ కనిపించలేదు. ఒక డాక్టరు ఇది డిస్టోనియా (కండరాలు వాటంతటవే బిగుసుకుని మెలి తిరగడం), మూర్ఛ కాదు అన్నారు. ఇంకొకరు, ఈఈజీ మామూలుగా ఉన్నా మూర్ఛ కావచ్చంటూ మూర్ఛ మందుల మోతాదు పెంచారు. దాంతో రోజంతా మత్తు.

మీ పిల్లల్లో ఎవరికైనా ఇలా జరిగిందా? డిస్టోనియాకు వాడే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రలు గానీ, కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ గానీ పనిచేసిందా? హెమిస్ఫెరాటమీ (జబ్బు పడిన మెదడు సగానికి మిగతా సగంతో సంబంధం తెంచే ఆపరేషన్) చేయించమంటున్నారు. ఎడమ చేతి వేళ్ల పనితనం పోతుందని ముందే చెప్పారు, దానికి మనసు సిద్ధం చేసుకుంటున్నాం. ఆపరేషన్ తర్వాత ఈ మెలిక కూడా తగ్గిందా, మిగిలిపోయిందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.