నిమ్మనీళ్లతో అరిగిన పళ్లకు ఫ్లోరైడ్ పేస్టు: అమ్మను ఒప్పించేదెలా?

నమస్కారం. మేము హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాము. నాలుగేళ్లుగా రోజూ పరగడుపున నిమ్మరసం కలిపిన నీళ్లు తాగి, ఆ వెంటనే పళ్లు తోముకునే అలవాటు వల్ల నా ముందు పళ్ల అంచులు పలుచబడి, చల్లని నీరు తగిలినా జివ్వుమంటున్నాయి. పీహెచ్ (పులుపు ఎంతుందో చెప్పే కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కంటే తగ్గితే పళ్ల గట్టి పైపొర అయిన ఎనామిల్ కరగడం మొదలవుతుందని, నిమ్మరసం పీహెచ్ 2కు కాస్త అటూ ఇటూగా ఉంటుందని, అందువల్ల పుల్లనివి తీసుకున్నాక కనీసం అరగంట ఆగి, 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో మెత్తగా తోముకోవాలని దంతవైద్యురాలు చెప్పారు. నిమ్మనీళ్లు ఆ రోజే మానేశాను.

చిక్కల్లా పేస్టు దగ్గరే వచ్చింది. మా అమ్మది నల్లగొండ జిల్లా. బోరు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిపోయిన మనుషులను చిన్ననాటి నుంచి చూసినందున, ఆ పేరున్న పేస్టును ఆమె ఇంట్లోకి రానివ్వడం లేదు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. ఏళ్ల తరబడి తాగిన నీటికీ, తోముకుని ఉమ్మేసే పేస్టుకూ ఉన్న తేడాను ఆమె మనసుకు ఎక్కేలా ఎలా చెప్పాలి? మీ ఇళ్లలో ఇలాంటి పెద్దలను ఒప్పించినవారు ఉంటే దయచేసి వివరించండి. అలాగే స్టానస్ ఫ్లోరైడ్ (తగరంతో కూడిన ఒక ఫ్లోరైడ్ రకం) పేస్టు వాడినవారు, జివ్వుమనడం ఎన్నాళ్లకు తగ్గిందో, పళ్లపై మరకలేమైనా పడ్డాయో తెలియజేయగలరు.